అరవై కుర్చీల పాట

సాయంత్రం ఆరు దాటితే గడప దాటని నేను ఒక శనివారం రాత్రి పాట వినడానికి మారేడుపల్లి వెళ్ళాను. రంగు దీపాల వేదిక లేదు. తెర లేదు. తన మాట తనే రాసుకుని, బాణీ తనే కట్టుకుని, తనే పాడే ఒక అమ్మాయి, ఆమెకు ఎదురుగా అరవై కుర్చీలు.

మా ఇంట్లో సాయంత్రానికి ఒక వరస ఉంది. ఆరింటికి మొక్కలకు నీళ్ళు, ఆరున్నరకు దీపం. ఆ తర్వాత గంటసేపు ప్రూఫులు దిద్దుకుంటాను, అది నా జీవనాధారం. ఎనిమిదికి అన్నం, రేడియో. తొమ్మిదిన్నరకు పాలు తోడు పెట్టి, గిన్నె మీద మూత వేసి, వంటింటి లైటు తీసేస్తాను. నల్లకుంటలోని ఈ రెండు గదుల ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా ఇదే నడక. నన్నెవరూ కట్టడి చేయలేదు. నాకు ఇల్లంటే ఇష్టం. ఏ మూల వెలుతురు ఏ వేళకు వస్తుందో తెలిసిన చోట ఉండడం ఇష్టం.

ఇంటిపట్టున ఉండే మనిషిని చూసి లోకం జాలి పడుతుంది. ఏదో బెంగ ఉందనుకుంటుంది, లేదా భయమనుకుంటుంది. అమ్మ మంచాన ఉన్న ఆరేళ్ళూ నేను ఇల్లు కదలకపోతే అందరూ అర్థం చేసుకున్నారు. అమ్మ పోయి రెండేళ్ళయినా కదలకపోతే మాత్రం ఫోన్లు మొదలయ్యాయి. ఎక్కడికైనా వెళ్ళు, నలుగురిలో పడు అని. వాళ్ళ ప్రేమ నాకు తెలుసు. కానీ నలుగురిలో పడడానికి నాకు కావలసిన నలుగురు ఎప్పుడూ రేడియోలోంచే మా ఇంటికి వచ్చారు.

అమ్మకు ఒక నోటుపుస్తకం ఉండేది. పొడుగాటి బైండు పుస్తకం, ఎర్ర అంచు కాలికో అట్ట. ఆకాశవాణిలో ‘ఈ మాసపు పాట’ అనీ, ‘ఈ పాట నేర్చుకుందాం’ అనీ లలితగీతాలు నేర్పేవాళ్ళు కదా, ఆ పాటలన్నీ అందులో రాసుకునేది. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో పెన్సిలు. స్టేషను సరిగా అందక గరగరమన్నప్పుడు మాట తప్పిపోయేది. అప్పుడు అమ్మ గబగబా ముందుకు వెళ్ళిపోయేది కాదు. తప్పిన పంక్తికి సరిపడా జాగా వదిలి, కింద నుంచి రాసేది. మళ్ళీ ఆ పాట వేసిన రోజు చెవి రేడియోకి ఆనించి ఆ ఖాళీ నింపేది. కొన్ని పాటలు మళ్ళీ రాలేదు. ఆ ఖాళీలు అలాగే ఉన్నాయి.

ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. నేను రాయబోయే రాత్రికి ఆ పుస్తకంతో సంబంధం ఉంది.

మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. “పెద్దమ్మా, శనివారం నీకో టికెట్టు తీసుకున్నాను. రానంటే నా నాలుగు వందలూ పోతాయి.”

“సినిమాకా?”

“కాదు. ఒకమ్మాయి పాడుతుంది. తన పాటలే. ఒకళ్ళింట్లో.”

“ఇంట్లోనా?”

“ఇంట్లోనే. అరవై కుర్చీలు, అంతే. పదింటికల్లా అయిపోతుంది. నేనే దింపుతాను.”

ఇంట్లో అన్న మాటకే నేను ఒప్పుకున్నాను. వాగ్దానం చేశాక మూడు రోజులు మనసు పీకుతూనే ఉంది. శనివారం మధ్యాహ్నమే మొక్కలకు నీళ్ళు పోసేశాను. పాలు కాచి చల్లార్చి ఫ్రిజ్జులో పెట్టాను. ఐదున్నరకు తాళం వేస్తుంటే ఎదురింటి ఆవిడ, “ఊరెళుతున్నారా?” అని అడిగింది.

నల్లకుంట నుంచి ఆటోలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, అక్కడి నుంచి మెట్రోలో పరేడ్ గ్రౌండ్స్. ఈ లైను మొదలైంది 2020 ఫిబ్రవరిలో. నేను ఎక్కడం ఇదే మొదలు. ముషీరాబాదు దాటుతుంటే ఇళ్ళ డాబాలు కళ్ళ ఎత్తులోకి వచ్చాయి. ఎండు మిరపకాయలు ఎత్తుతున్న ఒకావిడ, గాలిపటం చిక్కు విప్పుతున్న పిల్లవాడు, తడి చీర దులుపుతున్న చేతులు. ఊరంతా తన తన సాయంత్రపు వరసలో ఉంది. నా వరస నేను ఒక్క రోజుకు దాటి వెళుతున్నాను, అంతే అనిపించి గుండె కుదుటపడింది.

చెప్పుల వరస

మారేడుపల్లిలో అది పాత కాలపు ఇల్లు. ఎత్తరుగు, ముందు వసారా, చెక్క తలుపులు. ఇంటివాళ్ళు నెలకో రెండు నెలలకో ఒకసారి హాల్లో సామాను పక్క గదుల్లోకి సర్ది పాటకు చోటు ఇస్తారట. గుమ్మం ముందు చెప్పులు వరసగా ఉన్నాయి. నోములకూ సత్యనారాయణ వ్రతాలకూ వెళ్ళినప్పుడు కనిపించే వరస అది. నేనూ నా చెప్పులు ఆ వరసలో విడిచాను. అక్కడ నా సగం బెరుకు పోయింది.

లోపల ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వైపు నేల మీద జంపఖానాలు. కిటికీలకు మందపాటి తెరలు దింపి ఉన్నాయి. అవి చీకటి కోసం అనుకున్నాను. శబ్దం చూసుకునే కుర్రాడు చెప్పాడు, గోడలు నున్నగా ఉంటే పాట తిరిగి తిరిగి మోగుతుందట, మాట చెదిరిపోతుందట. తెరలూ జంపఖానాలూ ఆ మోతను పీల్చుకుంటాయి. “మనుషులు వచ్చి కూర్చుంటే ఇంకా నయం ఆంటీ. బట్టలు కూడా పీల్చుకుంటాయి” అన్నాడు. హాలు నిండేకొద్దీ అతను మిక్సరు దగ్గర మీటలు కొంచెం కొంచెం సవరిస్తూనే ఉన్నాడు. నా పట్టు చీర కూడా ఆ పాటకు అంతో ఇంతో పనికొస్తోందన్నమాట. ఎందుకో ఆ సంగతి నాకు చాలా నచ్చింది.

ముందు గోడకు రెండు స్పీకర్లు, ఒక మైకు, ఒక ఎత్తు స్టూలు. పక్కన రాగి చెంబుతో నీళ్ళు. ఆ అమ్మాయి వంటింట్లోంచి వచ్చింది. ఇంటివాళ్ళ పెద్దావిడ ఇచ్చిన టీ గ్లాసు చేతిలోనే ఉంది. నూలు చుడీదారు, భుజం దాకా జడ. ఖమ్మం పిల్ల. వారంలో ఐదు రోజులు ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేస్తుంది. పాడుతుందని ఆఫీసులో ఇంకా తెలియదు, పేరు రాయవద్దని తర్వాత నన్ను అడిగింది. అందుకే రాయడం లేదు.

గిటారు మెడకు కాపో బిగించి, రెండు తీగలు సరిచేసుకుని, తల ఎత్తి మమ్మల్ని చూసింది. నిజంగానే చూసింది. ఒక్కొక్క వరసా, ఒక్కొక్క మొహమూ. రవీంద్రభారతిలోనూ మా చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనూ నేను అమ్మతో కూర్చుని ఎందరినో విన్నాను. వేదిక మీది వెలుగులో ఉన్నవాళ్ళకు చీకట్లో ఉన్న మేము కనపడేవాళ్ళం కాదు. ఇక్కడ నాకు ఆమె గోళ్ళు కనిపిస్తున్నాయి. ఎడమ చేతి వేళ్ళ చివర తీగలు నొక్కి నొక్కి కాసిన కాయలు కనిపిస్తున్నాయి. ఆమెకు నేను కనిపిస్తున్నాను.

మొదటి పాట లిఫ్టులో అద్దం గురించి. రోజూ పొద్దున ఏడుంపావుకి తడి జుట్టుతో, ఆకలితో, ఆ అద్దంలో తన మొహం తను చూసుకునే అమ్మాయి. ఐదో అంతస్తు నుంచి కిందికి దిగేలోపు ఎన్ని మొహాలు మారుస్తుందో ఆ పాట. రెండోది పాలమూరు నుంచి వచ్చి అపార్ట్‌మెంటు మెట్ల కింద గదిలో కాపురం ఉంటున్న వాచ్‌మన్ భార్య గురించి. పార్కింగులో తన గది ముందు రోజూ ముగ్గు పెడుతుంది. ఎనిమిదయ్యేసరికి కార్ల చక్రాలు ఆ ముగ్గును వీధిలోకి మోసుకుపోతాయి. మర్నాడు మళ్ళీ పెడుతుంది. పాటలో ఎవరి మీదా కోపం లేదు. ముగ్గు పిండి అంటిన చక్రాలు ఎంతెంత దూరం వెళ్ళి ఉంటాయో అని ఆ అమ్మాయి ఆలోచించింది, అంతే. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

పాటకూ పాటకూ మధ్య తీగలు సవరించుకుంటూ మాట్లాడింది. ఒక పాట మధ్యలో ఆగిపోయి, “క్షమించండి, శ్రుతి దిగింది, మొదటి నుంచి పాడతాను” అంది. ఎవరూ గొణగలేదు. వడ్డించే మనిషి కూర కోసం మళ్ళీ వంటింట్లోకి వెళితే విస్తరి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాం.

కట్టడం అనే మాట

తెలుగులో పాట ‘కడతాం’. ఇల్లు కడతాం, పూలు కడతాం, జోలె కడతాం, పాట కడతాం. రాయడం వేరు, పాడడం వేరు, కట్టడం వేరు. మాటనూ బాణీనీ ఒకే చేత్తో ముడి వేసేవాళ్ళకే ఆ క్రియ సరిగా అతుకుతుంది. పల్లెల్లో నాట్లు వేసే ఆడవాళ్ళను, “ఈ పాట ఎవరు కట్టారు?” అనే అడుగుతారు.

శాస్త్రం కూడా ఈ తేడా ఎప్పుడో గుర్తించింది. పదమూడో శతాబ్దపు ‘సంగీత రత్నాకరం’లో శార్ఙ్గదేవుడు మాటకు మాతువనీ, బాణీకి ధాతువనీ పేరు పెట్టి, రెండూ తానే కూర్చేవాణ్ణి వాగ్గేయకారుడన్నాడు. ఇంకొకరి బాణీలో మాటలు పొదిగేవాడికి వేరే పేరు ఇచ్చాడు, కుట్టికారుడని. ఈ లెక్కన మన సినిమా కవుల్లో మహానుభావులు ఎందరో బాణీకి మాట పొదిగినవాళ్ళే. వాళ్ళ ప్రతిభకు అందువల్ల వచ్చిన లోటేమీ లేదు. కాకపోతే ఇది వేరే విద్య.

ఆ విద్యలో తెలుగువాళ్ళంత ఆస్తి ఉన్నవాళ్ళు తక్కువ. అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగయ్య. తిరువయ్యారు వీధుల్లో ఉంఛవృత్తికి వెళుతూ పాడుకున్న త్యాగయ్యకు వినేవాళ్ళు ఎవరు? అరుగుల మీదివాళ్ళు, గుమ్మాల్లోకి బియ్యం తెచ్చిన ఇల్లాళ్ళు, వెంట నడిచిన శిష్యులు. శరభోజి కొలువు కాదనుకున్న పాటకు అరుగులు చాలాయి. మన కాలంలో ఆ పరంపర మైదానాల్లోకి వెళ్ళింది. వంగపండు, గద్దర్, గోరటి వెంకన్న తమ మాట తామే కట్టి గజ్జె కట్టి పాడారు. 2021కి ‘వల్లంకి తాళం’ కవితాసంపుటికి వెంకన్నకు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వేలమంది ముందు నిలబడే పాట వాళ్ళది. గుంపును నిలబెట్టే పాట.

ఈ రెండింటికీ మధ్య ఇంకో పాట ఉంది. దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. అది నా పాట, ఇంటిపట్టున ఉండేవాళ్ళ పాట.

మైకు రాకముందు గాయకుడి గొంతు చివరి వరస దాకా చేరాలి. మన పద్యనాటకాల వాళ్ళు హార్మోనియం మీద శ్రుతి పెంచి రాగం లాగింది అందుకే, నేల టికెట్టు వాడికి వినపడాలి. మైకు వచ్చాక గొంతు తగ్గించడం సాధ్యమైంది. గుసగుస కూడా పాట అయింది. రేడియో ఆ గుసగుసను తెచ్చి ఇంట్లో పెట్టింది. లలితగీతం పుట్టింది అక్కడే. సభ కోసం పుట్టిన పాట కాదది. ఒక గదిలో, ఒకరి చెవికి, చెబుతున్నట్టు పాడే పాట.

1941లో మద్రాసు రేడియోలో చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు గారిని తలుచుకోకుండా ఈ మాట ముందుకు పోదు. రాసేవారు, బాణీ కట్టేవారు, పాడేవారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రాత్రి ఆయన కట్టిన పాటను టంగుటూరి సూర్యకుమారి గొంతులో తెలుగువాళ్ళు విన్నారు. ఆయనే ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాశారు, 1961లో దానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వాగ్గేయకారుల చరిత్రను ఒక వాగ్గేయకారుడే రాయడం మన భాష అదృష్టం. పాలగుమ్మి విశ్వనాథం గారు చిన్నారి కూతురి మీద మాటా బాణీ తానే కట్టి, వేదవతీ ప్రభాకర్ గారి చేత పాడించిన పాటను అమ్మ తన పుస్తకంలో రెండుసార్లు రాసుకుంది. మొదటిసారి ఖాళీలతో, రెండోసారి పూర్తిగా.

టీవీ వచ్చి, ఎఫ్‌ఎం వచ్చి, పాటంటే సినిమా పాటే అయిపోయాక ఆ గుసగుసకు ఇల్లు పోయింది. నేను చాలా ఏళ్ళు అది చచ్చిపోయిందనే అనుకున్నాను. మారేడుపల్లి హాల్లో మూడో పాట వింటుండగా నాకు తెలిసింది, అది ఇల్లు మారింది. మునుపు పాట మా ఇంటికి వచ్చేది. ఇప్పుడు నేను దాని ఇంటికి వెళ్ళాలి. ఇంటిపట్టున ఉండే నాలాంటివాళ్ళు కదలకపోతే దానికి వినేవాళ్ళు ఉండరు. ఎందుకంటే అది మా చెవులకే సరిపోయే పాట.

చిన్న గదులు

ఇలాంటి గదులు లోకంలో చాలాచోట్ల పాటను కాపాడాయి. అమెరికాలో నాష్‌విల్ ఊళ్ళో బ్లూబర్డ్ కెఫే అని 1982లో తెరిచారు. తొంభై కుర్చీల చోటు. పాటలు రాసేవాళ్ళే వచ్చి అక్కడ పాడతారు. మాట్లాడేవాళ్ళను ‘ష్’ అని ఊరుకోబెట్టడం అక్కడి నియమం, దానికి ఆ కెఫే పేరుపడింది. ఆ దేశపు ప్రజా రేడియోలో ‘టైనీ డెస్క్’ కచేరీలు పుట్టిన కథ ఇంకా బాగుంటుంది. 2008లో లారా గిబ్సన్ అనే గాయని ఆస్టిన్‌లో ఒక బారులో పాడుతుంటే జనం గోలలో ఆమె మెత్తని గొంతు వినపడలేదు. వినడానికి వెళ్ళిన రేడియోవాళ్ళు బాధపడి, మా ఆఫీసు బల్ల దగ్గరికి వచ్చి పాడండి అన్నారు. ఆమె వచ్చి పాడింది. ఆ బల్ల దగ్గర ఇవాళ్టికీ పాడుతూనే ఉన్నారు.

మన హైదరాబాదుకు బంజారాహిల్స్‌లోని లామకాన్ ఉంది. డాక్యుమెంటరీలు తీసిన మొయీద్ హసన్ గారి ఇల్లు అది. ఆయన తదనంతరం కుటుంబం దాన్ని 2010లో ఊరందరికీ తెరిచింది. పెద్ద బండరాయి పక్కన ఆరుబయట పాటలు, నాటకాలు, చర్చలు, చాయ్, సమోసా. ఉర్దూలో మకాన్ అంటే ఇల్లు, లామకాన్ అంటే చోటంటూ లేనిది. ఒక ఇంటిని అందరికీ ఇచ్చేసి ఆ పేరు పెట్టడంలో ఎంత మనసు ఉందో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. మా చెల్లెలి కూతురు మొదట ఇలాంటి పాటలు విన్నది అక్కడే. చౌరస్తా బృందం పాటలు కూడా ఆ అమ్మాయే నాకు ఫోనులో వినిపించింది. సినిమా చేయి పట్టుకోకుండా తెలుగు పాట జనంలోకి వెళ్ళగలదని వాళ్ళు చూపించారు. 2020లో కరోనా మీద వాళ్ళు కట్టిన పాట మా వీధిలో చెత్త బండి మైకులో కూడా విన్నాను.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. విరామంలో ఈ కార్యక్రమం నడిపే అబ్బాయిని అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. అరవై టికెట్లు, నాలుగు వందలు. ఇరవై నాలుగు వేలు. స్పీకర్ల అద్దె, కుర్చీల అద్దె, శబ్దం చూసుకునే కుర్రాడికి, టీ బిస్కెట్లకు పోగా మిగిలింది మొత్తం పాడే మనిషిదే. ఇంటివాళ్ళు అద్దె తీసుకోరు. “ఆన్‌లైన్‌లో పాట పెడితే ఏమీ రాదా?” అన్నాను. స్పాటిఫైలో 2024 నుంచి ఒక నియమం వచ్చిందట. గడచిన పన్నెండు నెలల్లో కనీసం వెయ్యిసార్లు వినకపోతే ఆ పాటకు ఒక్క పైసా లెక్కలోకి రాదు. వెయ్యి పెద్ద సంఖ్య కాదని అనిపిస్తుంది. తెలుగులో, సినిమా పేరు లేకుండా, ప్రచారానికి డబ్బు లేకుండా పాట పెట్టే ఒంటరి మనిషికి అది కొండ. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి పాట రాసినవాళ్ళకూ స్వరపరచినవాళ్ళకూ రాయల్టీలో విడదీయరాని హక్కు ఇచ్చారు. మంచి చట్టం. కానీ హక్కు ఫలించాలంటే ముందు పాట వినపడాలి కదా. ఈ అమ్మాయి కొత్త గిటారు తీగల ఖర్చు, రికార్డింగు ఖర్చు ఇచ్చేది చెప్పులు బయట విడిచి వచ్చిన ఆ అరవైమందే.

ఇంటివాళ్ళ పెద్దావిడ టీ గ్లాసులు అందిస్తూ నా దగ్గర ఆగింది. “మొదటిసారా అమ్మా?” అంది. అవునన్నాను. “నేను కూడా బయటికి పోలేను, మోకాళ్ళు. అందుకే వీళ్ళనే ఇంటికి పిలిపిస్తాను” అంది. ఆవిడ పక్కన కుర్చీ జరుపుకుని మిగతా కచేరీ అంతా విన్నాను.

రెండు చరణాలు

తొమ్మిదిన్నర దాటాక ఆ అమ్మాయి గిటారు ఒడిలో పడుకోబెట్టుకుంది. “ఇది పూర్తి కాలేదు. రెండు చరణాలే ఉన్నాయి. పాడాలా వద్దా అని పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను” అంది. పాడమ్మా అని ముందు అన్నది మా పెద్దావిడే.

2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఖమ్మంలో ఒడ్డు కాలనీల్లోకి నీళ్ళు వచ్చిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వాళ్ళ ఇల్లూ మునిగింది. ఈ అమ్మాయి హైదరాబాదులో ఉంది. వాళ్ళమ్మ పక్కవాళ్ళ డాబా మీద ఆ రాత్రంతా కూర్చుంది. చీకట్లో కింద ఏమీ కనపడలేదట. ఒక్క చప్పుడు మాత్రం వినపడింది. వాళ్ళ ఖాళీ బియ్యం డబ్బా నీళ్ళలో తేలి, వంటింటి గోడకు కొట్టుకుంటూ తెల్లవార్లూ మోగుతూనే ఉందట. అది మా డబ్బానే అని వాళ్ళమ్మ ఆ చీకట్లో గుర్తుపట్టింది.

ఆ పాటకు ఆమె తీగలు మీటలేదు. బొటనవేలితో గిటారు చెక్క మీద కొట్టింది. ఠక్, కొంత ఆగి ఠక్, మళ్ళీ ఠక్ ఠక్. లయ సమంగా లేదు. నీళ్ళు ఎప్పుడు తోస్తే అప్పుడు. మొదటి చరణం ఆ రాత్రిది. రెండోది వారం తర్వాతది, గోడ మీద నిలిచిపోయిన బురద గీతను వాళ్ళమ్మ కొబ్బరిపీచుతో తోముతూ ఉండడం. రెండో చరణం అయ్యాక మాట ఆగింది. చెక్క మీద చప్పుడు ఆగలేదు. నోరు మూసి, నాలుగు పంక్తుల మేర బాణీ కూనిరాగం తీసి ఊరుకుంది.

నేను పాటలు వినడం మొదలుపెట్టి యాభై ఏళ్ళవుతోంది. మాట లేని ఆ నాలుగు పంక్తులంత నిండుగా నేను విన్నవి చాలా తక్కువ.

చప్పట్లు వెంటనే రాలేదు. ఎవరో ముక్కు చీదారు. వీధిలో కుక్క అరిచింది. మిక్సరు కుర్రాడు గడియారం చూపించాడు. రాత్రి పది దాటాక బయటికి వినపడేలా మైకు మోగించరాదని దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు ఉన్నాయి. చుట్టూ ఇళ్ళు, వసారా తలుపులు ఉక్కకు తెరిచే ఉన్నాయి. పదికి ఐదు నిమిషాలుండగా అతను మీట దించేశాడు. స్పీకర్లలో అంతసేపూ సన్నగా ఉన్న ఝుం ఆగిపోయాక గాని అది ఉందని నాకు తెలియలేదు.

చివరి పాట మైకు లేకుండా పాడింది. స్టూలు వదిలి జంపఖానా అంచున కూర్చుంది. ఎవరో లేచి ఫ్యాన్లు కూడా ఆపారు. ఉక్కపోత. చెమట పడుతోంది. కుర్చీ కిర్రుమంటే కూడా తప్పు చేసినట్టు అనిపించే నిశ్శబ్దంలో అరవైమందీ ఒళ్ళు బిగబట్టి ముందుకు వంగారు. అమ్మ రేడియోకి చెవి ఆనించి కూర్చున్న భంగిమ అదే. నేను ఆ హాల్లో అరవైమంది అమ్మలను చూశాను.

వచ్చేస్తూ ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళాను. చేయి పట్టుకుంటే వేళ్ళ చివర కాయలు తగిలాయి.

“మూడో చరణం రాయవామ్మా?”

“అమ్మ ఇప్పుడు ఆ ఇంటి గురించి మాట్లాడడం లేదండీ. అక్కడ ఉండడం లేదు కూడా, పిన్ని దగ్గర ఉంటోంది” అంది. “తను మాట్లాడిన రోజు రాస్తాను. నా అంతట నేను రాస్తే అబద్ధమవుతుంది.”

నేను ఇంకేమీ అడగలేదు. చెప్పుల వరసలో నావి వెతుక్కున్నాను.

మా చెల్లెలి కూతురు కారులో దింపింది. దారిలో పాటలు పెట్టబోతే వద్దన్నాను. తనకూ అర్థమైంది. సంగీత్ చౌరస్తా, తార్నాక, విద్యానగర్, మా సందు. “ఎలా ఉంది పెద్దమ్మా?” అని ఇంటి ముందు ఆపాక అడిగింది. “రేపు ఫోన్ చేసి చెబుతాను” అన్నాను.

తాళం తీసి లైటు వేసేసరికి పదకొండు కావస్తోంది. ఆ వేళకు నేను మేలుకుని ఉండి చాలా కాలమైంది. ఫ్రిజ్జులోంచి పాలు తీసి గోరువెచ్చగా కాచి తోడు పెట్టాను. మూత వేస్తుంటే గిన్నె అంచుకు తగిలి ఠక్ మంది. కొంచెం ఆగి నేనే చెంచాతో ఇంకోసారి కొట్టాను.

బీరువా పై అరలోంచి అమ్మ పుస్తకం తీశాను. చివర్లో ఇరవై, ముప్పై పేజీలు తెల్లగానే ఉన్నాయి. రేడియో పాటలు నేర్పడం తగ్గాక అమ్మ అందులో ఏమీ రాయలేదు. ప్రూఫులు దిద్దే పెన్సిలు తెచ్చుకుని, గుర్తున్నంత మేర మొదటి చరణం రాశాను, తర్వాత రెండోది. ఒకచోట మాట తప్పిపోయింది. అంత మేర జాగా వదిలాను. రెండో చరణం కింద నాలుగు పంక్తులు వదిలి, పేజీ మూలన ఆ రోజు తేదీ వేశాను.